మొహం చూడకుండా చెప్పే అంకె

దాచేపల్లి దాటి నడికుడి వైపు పోతుంటే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో సున్నపురాయిని మోసే బెల్టుల కింద తిరిగే రోలర్లు అందులో తయారవుతాయి. లారీలు లేపే తెల్లటి దుమ్ము షెడ్డు రేకుల మీదా, గేటు ముందు వేపచెట్టు మీదా, లోపల పనిచేసేవాళ్ళ కనుబొమల మీదా ఒకే తీరుగా పడుతుంది. కృపావరం ఒక్క తన బల్ల మీద మాత్రం పడనిచ్చేవాడు కాదు. పొద్దున్నే వచ్చి తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, నీలం బట్ట పరిచి, దాని మీద, మందం కొలిచే మైక్రోమీటరు పెట్టె ఉంచేవాడు. ఆ పెట్టె లోపల మెత్తగా ఉండటానికి తన భార్య హన్నమ్మ పెళ్ళిచీర అంచుముక్క మడిచి పెట్టుకున్నాడు.

రోలరు మధ్యలో ఒక ఇనుప షాఫ్టు ఉంటుంది. దాని రెండు చివరలా బేరింగులు కూర్చుంటాయి. అవి కూర్చునే చోట షాఫ్టు మందం ముప్పై మిల్లీమీటర్లు ఉండాలి. మిల్లీమీటరులో నూరోవంతును షెడ్డులో పాయింటు అంటారు. సరిగ్గా ముప్పై ఉన్నా, ఒక పాయింటు ఎక్కువున్నా మంచిదే. అంతకు పెరిగితే బేరింగు బిగుసుకుపోతుంది, తగ్గితే వదులై కొన్నాళ్ళకే పాడవుతుంది. ఏ షాఫ్టు మంచిదో, ఏది కాదో చెప్పే పని కృపావరానిది.

అతను పుట్టింది గురజాల దగ్గర పల్లెలో. తండ్రి నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. మీసాలు రాకముందే తనూ సుత్తి పట్టాడు. తరవాత మాచర్లలో ఇనుము చెక్కే లేతు షాపు ఒకదాంట్లో ఇనపరజను ఊడ్చే పనికి చేరి, ఊడుస్తూ ఊడుస్తూనే మెషిను మీద చెయ్యి కుదుర్చుకున్నాడు. పెదకూరపాడు వైపు నుంచి వచ్చిన అమరేశ్వరరావు మిరప తోటల మీద వచ్చిన డబ్బుతో ఈ షెడ్డు పెట్టినప్పుడు, మొదట చేరినవాళ్ళలో కృపావరం ఒకడు. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. పాస్టరు గారు పాట ఎత్తుకోకముందే అతని వేళ్ళు ఎత్తుకునేవని చర్చికి వచ్చేవాళ్ళు అనుకునేవారు.

ఝాన్సీలక్ష్మి ఆ షెడ్డులో చేరింది ఇంటర్ మధ్యలో మానేశాక. తల్లికి నడుం పడిపోయి మంచం పట్టిన ఏడాది ఆమె పుస్తకాలు అటక ఎక్కాయి. ఎవరైనా పేరు అడిగితే నేల చూసి చెప్పే పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎవరు ఏ పానాను ఎక్కడ పెట్టారో, ఏ మెషిను ఏ పొద్దు ఎలా మూలుగుతుందో ఆమెకు గుర్తుండిపోయేది. ఆమె తండ్రి తను ఎరిగిన మనిషి కావటాన కృపావరం ఆమెను తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నాడు.

"ఏంటమ్మా, అంకె చెప్పేటప్పుడు నా మొహం వంక చూత్తన్నావు?" అన్నాడు మొదటి రోజుల్లో ఒకసారి.

"కరెక్టో కాదోనని, బాబాయ్."

"నా మొహం మీద గీతలున్నయ్యా చదవటానికి? మైక్రోమీటరు మీద ఉన్నయ్ గీతలు. అవి చూడు, నోటికి వచ్చింది గట్టిగా చెప్పు. అంకె చెప్పేటప్పుడు ఎవుళ్ళ మొహమూ చూడకూడదు. చూశావంటే నువ్వు ఇనుమును కొలవటంలా, మనిషిని కొలుత్తన్నావు."

తనూ అలాగే చెప్పేవాడు. షాఫ్టును తువ్వాలుతో తుడిచి, మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి, మర తిప్పి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకుని, "ఒకటి ఎక్కువ!" అని గోడవైపు చూస్తూ కేక పెట్టేవాడు. అమరేశ్వరరావు పక్కనున్నా అంతే. ఆ కేక విన్నాక షెడ్డులో ఇంకెవరూ మాట్లాడేవారు కాదు.

ఒక ఎండాకాలం, రోలర్లు తీసుకునే సిమెంటు ఫ్యాక్టరీ నుంచి కొన్ని వెనక్కి వచ్చాయి. కొన్నింట్లో బేరింగు బిగుసుకుంది, కొన్నింట్లో ఊగింది. ఆర్డరు ఆగిపోతుందేమోనని అమరేశ్వరరావు కంగారుపడ్డాడు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళే తరుణ్ అనే కుర్ర ఇంజనీరును పంపారు. నరసరావుపేట కాలేజీలో చదివినవాడు, నెమ్మది మనిషి. వచ్చీరాగానే షాఫ్టుల జోలికి పోలేదు.

"ముందు మీ కొలతను కొలవాలి సార్," అన్నాడు.

"కొలతను కొలవటమేందయ్యా!"

"మీరు మిర్చి అమ్మారు గదా. ఒకే టిక్కీ బస్తాని కాటా మీద పెట్టి తీసి మళ్ళీ పెడితే, బరువు వేరేగా వచ్చిందనుకోండి. మిర్చిని తిట్టాలా, కాటాని తిట్టాలా?"

"కాటా వేసేవాణ్ణి తిట్టాల," అన్నాడు అమరేశ్వరరావు. అందరూ నవ్వారు. కృపావరం కూడా నవ్వాడు.

తరుణ్ పద్ధతి ఇదీ. పది షాఫ్టులు తీసుకున్నాడు. వాటి నంబర్లు తనకొక్కడికే తెలిసేలా చివర రాసి టేపు అంటించాడు. షెడ్డులో ఒకే మైక్రోమీటరు ఉంది, దానితో కొలిచేవాళ్ళు ముగ్గురు. కృపావరం, ఝాన్సీ, లేతు మీద పనిచేసే అయాజ్. ఒక్కొక్కరూ పదింటినీ కొలవాలి. అవే షాఫ్టులను వరస మార్చి రెండోసారి, మూడోసారి కూడా కొలవాలి. ఏ షాఫ్టు ఏదో తెలియకుండా, వచ్చిన అంకె వచ్చినట్టు చెప్పాలి.

"ఇది మీకు పరీక్ష కాదండీ," అని రెండుసార్లు చెప్పాడు. "ముగ్గురికీ అంకెలు ఊగితే తేడా మైక్రోమీటరులో ఉన్నట్టు. మిగతావాళ్ళకి నిలబడి ఒక్కరికే ఊగితే..." అని ఆగి, "అప్పుడు చూద్దాం," అన్నాడు.

పరీక్ష కాదన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎదురుగా లాప్‌టాప్ ఉంది, పక్కన ఓనరు నిలబడి ఉన్నాడు. అది పరీక్ష కాకపోతే మరేమిటి?

మొదటి విడత ఝాన్సీ కుదురుగానే చేసింది. రెండో విడతలో నాలుగో షాఫ్టో అయిదోదో చేతిలోకి రాగానే, అది ఇంతకుముందు చూసిందేనని తెలిసిపోయింది. అంచు దగ్గర చీమ కరిచినంత నొక్కు. పొద్దున దానికి సరిగ్గా ముప్పై అని చెప్పింది. ఇప్పుడు గీత రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తోంది. మర వదిలి మళ్ళీ బిగించింది. ఈసారి ఒకటి ఎక్కువ.

తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు ఒకసారి జవాబు అడిగి, "మళ్ళీ చెప్పు," అన్నారు. భయపడి వేరే జవాబు చెప్పింది. మొదట చెప్పిందే ఒప్పు. "చూశారా, గాలి ఎటు వీస్తే అటు," అన్నారాయన. తరగతంతా నవ్వింది. ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు.

"సరిగ్గా ముప్పై," అంది, పొద్దుటి అంకెనే.

తరుణ్ తల ఊపి టైపు చేసుకున్నాడు. ఆ తల ఊపటం చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. ఆ తరవాత ఏ షాఫ్టు వచ్చినా ముందు గుర్తు వెతికింది. ఒకదాని మీద నీలం మరక, ఇంకొకదాని మీద పనిముట్టు వణికిన గీతలు, మరొకదాని మీద తుప్పు చుక్క. గుర్తు దొరికితే అంకె దొరికినట్టే. మైక్రోమీటరు తిప్పుతూనే ఉంది గాని అందులోకి చూడటం మానేసింది.

మధ్యాహ్నం ముగ్గురూ వేపచెట్టు కింద క్యారేజీలు విప్పారు.

"ఏం చెల్లెమ్మా, ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేత్తన్నావు," అన్నాడు అయాజ్. "నాకేమో ఒకదానికి ఒకటి పొంతన లేకుండా వత్తంది. ఏంది కథ?"

ఝాన్సీ అటూ ఇటూ చూసి గుర్తుల సంగతి చెప్పింది.

"వార్నీ! ఆ వణికిన గీతలు నా లేతు మీదయ్యే. నా పిల్లల్ని నేను పోల్చుకోలేనా!" అని తొడ చరిచి నవ్వాడు. "ఇంకో విడత ఉంది గదా, చూత్తా ఉండు. మొదటిసారి ఏం చెప్పానో అదే చెబుతా. రెండో విడతలో చేతులు కుదరలేదంటా."

ఝాన్సీ కృపావరం వైపు తిరిగింది. "నువ్వూ చూసుకో బాబాయ్. నొక్కు ఉన్నదానికి నువ్వు పొద్దున ఒకటి ఎక్కువ అన్నావు, నాకు గుర్తుంది."

అతను ఉల్లిపాయ కొరుకుతూ ఆమె చెప్పింది సాంతం విన్నాడు.

"చీమ నొక్కులు, తుప్పు చుక్కలు ఈ కళ్ళకి ఎక్కడ ఆనతయ్యమ్మా? గీత ఆనితే చాలనుకుంటన్నా నేను." నవ్వి, నీళ్ళు తాగి, "నాకు చెప్పమాకలే. వింటే అదే నోటికొత్తది," అన్నాడు.

తను చేస్తున్నది తప్పని ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా మూడో విడతలోనూ ఆమె గుర్తులే చూసింది. మొదలుపెట్టాక ఆపితే దొరికిపోతానని భయం.

సాయంత్రం తరుణ్ లాప్‌టాప్ తెర వాళ్ళవైపు తిప్పాడు. మూడు రంగుల గీతలు. ఝాన్సీది మొదటి నుంచి చివరి దాకా చెరిగిపోకుండా అవే మెట్లు ఎక్కి దిగింది. అయాజ్‌ది కాస్త తడబడి తరవాత సర్దుకుంది. కృపావరానిది మాత్రం ఒక విడతకూ ఇంకో విడతకూ కలవలేదు. నాగులేరు ఒడ్డున తూనీగ ఎగిరినట్టు పైకీ కిందకీ ఊగింది.

తరుణ్ మెల్లగా అన్నాడు. "కృపావరం గారూ, మీకు ఒకే షాఫ్టు మూడుసార్లు మూడు రకాలుగా వచ్చిందండీ."

"అట్టానే వచ్చింది బాబూ. వచ్చిందే చెప్పా."

"మరి వాళ్ళిద్దరికీ నిలబడింది గదా!" అన్నాడు అమరేశ్వరరావు. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి నిలబడింది. ఏందయ్యా కృపావరం, కళ్ళు పోయినయ్యా, చెయ్యి పోయిందా?"

కృపావరం బల్ల మీది షాఫ్టు ఒకటి తీసుకుని, తువ్వాలుతో తుడిచి, అందరి ముందూ కొలిచాడు. "రెండు ఎక్కువ." మర వదిలి మళ్ళీ బిగించాడు. చాలాసేపు చూశాడు. "సరిగ్గా ముప్పై," అన్నాడు. ఆ అంకె కేకలా రాలేదు. మైక్రోమీటరును పొద్దున, కొలత ఖాయంగా తెలిసిన స్టాండర్డు ముక్కతో సరిచూసుకున్నానని, అది సరిగ్గానే చూపించిందని, దానిలో తేడా ఉండదని తనే చెప్పాడు. తన మీద తనే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది.

ఝాన్సీ అతనికి బారెడు దూరంలో ఉంది. నాక్కూడా ఊగింది బాబాయ్ అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచింది. ఓనరు ఇటు చూశాడు. మూసుకుంది.

కృపావరాన్ని మర్నాటి నుంచి పెయింటు షెడ్డుకు మార్చారు. పూర్తయిన రోలర్లకు ఎర్ర రంగు వేసే పని. జీతం తగ్గించలేదు, అమరేశ్వరరావు అంత చెడ్డవాడు కాదు. బల్ల ఖాళీ చేసేటప్పుడు కృపావరం నీలం బట్ట దులిపి మళ్ళీ పరిచి, పెట్టె ఝాన్సీ చేతికిచ్చాడు.

"పొద్దున్నే స్టాండర్డుతో చూసుకో. చెమట చేత్తో ముట్టుకోమాక. నీ చెయ్యి కుదురైందమ్మా, మంచిదే." చీర అంచుముక్క తీసుకుపోతాడేమో అనుకుంది. తియ్యలేదు.

ఆ స్టూలు మీద కూర్చున్నాక ఝాన్సీకి అసలు సంగతి రోజూ కనిపించేది. ఇప్పుడు షాఫ్టులు కొత్తవి, గుర్తులు లేవు, గుర్తుంచుకున్న అంకె లేదు. బిగించిన ప్రతిసారీ గీత ఊగేది. మొదట వచ్చిందే చెప్పేసి పక్కన పెట్టేది. ఏదైనా అనుమానం వచ్చి తల ఎత్తితే, తలుపులోంచి పెయింటు షెడ్డూ, వంగి రంగు పూస్తున్న కృపావరం వీపూ కనిపించేవి. మళ్ళీ తల దించుకునేది.

ఒక ఆదివారం బజారులో హన్నమ్మ ఎదురైంది.

"ఏమే పిల్లా, పెద్ద ఇన్స్పెక్టరువంట! ఇంటికి రావటం మానేశావే?" అని నవ్వబోయి, గొంతు తగ్గించింది. "మీ బాబాయి కళ్ళు చూపించటానికి వినుకొండ దాకా తీసకపోయా. అద్దాలు బానే ఉన్నయ్యన్నారు డాక్టరు. అయితే చెయ్యేనంటాడు. చర్చిలో డోలక్ ముట్టుకోవటంలా. తాళం తప్పుతుందంట. ఎవురు చెప్పారయ్యా అంటే, నా చెయ్యి సంగతి నాకు తెలవదని తేలిందిగా అంటాడు. చానా మారిపోయాడమ్మా."

ఝాన్సీ కూరగాయల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. పొద్దుపోతోందని చెప్పి వచ్చేసింది.

వానలు మొదలయ్యేసరికి రోలర్లు మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఈసారి తరుణ్ ఫోనులోనే, మైక్రోమీటరును విజయవాడ పంపి చూపించమన్నాడు. పంపారు. పని ఆగకుండా కొత్తదొకటి తెప్పించారు. విజయవాడ వాళ్ళు ఫోనులో చెప్పింది విని అమరేశ్వరరావు షెడ్డులోకి వచ్చి అందరికీ చెప్పాడు. స్టాండర్డు ముక్క మందం ఇరవై అయిదు మిల్లీమీటర్లు. అక్కడ మైక్రోమీటరు సరిగ్గా చూపిస్తుంది. కానీ షెడ్డులో ఇన్నేళ్ళూ కొలిచింది ముప్పై ఒక్కటే. రోజూ అదే చోట తిరిగి తిరిగి, లోపలి మర ముప్పై దగ్గరే అరిగిపోయి వదులైంది. ఎవరు బిగించినా ఊగాల్సిందే.

"ఎవరికైనా ఊగాల్సిందే అంటన్నారు. మరి మీ ఇద్దరికీ ఎట్టా నిలబడిందే?" అన్నాడు.

అయాజ్ లేతు దగ్గర చేతులు తుడుచుకుంటూ నేల చూశాడు. ఝాన్సీ చెప్పింది. షాఫ్టుల మీద గుర్తులు, మొదటి అంకె, వేపచెట్టు కింద మాటలు, అన్నీ. తిడతాడనుకుంది.

అమరేశ్వరరావు పకపకా నవ్వాడు. "ఓరి నీ తెలివి కూల! ఇంజనీరునే బోల్తా కొట్టించావు గదే." తరవాత నవ్వు ఆపి, బయటికి చూసి, "పాపం కృపావరం," అన్నాడు. "కొత్త మైక్రోమీటరు వచ్చింది గదా. పో, పిలుచుకురా. బల్ల ఆయనకే ఇచ్చెయ్యి."

ఆమె కొత్త మైక్రోమీటరును చీర అంచున్న పాత పెట్టెలో పెట్టుకుని, ఒక షాఫ్టు పట్టుకుని పెయింటు షెడ్డుకు పోయింది. కృపావరం మోచేతుల దాకా ఎర్ర రంగుతో ఉన్నాడు. నిలబడే అంతా చెప్పింది. తప్పు మైక్రోమీటరుదని, తనదని, తన గీత నిలబడింది కొలిచి కాదని. చెబుతూ ఏడ్చింది.

అతను కుంచె డబ్బాలో పెట్టి విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది.

"చిన్నపిల్లవి. భయపడ్డావు," అన్నాడు. "పోనీలే."

"బల్ల దగ్గరికి రా బాబాయ్. సారు రమ్మన్నారు. ఒకసారి కొలిచి చూడు, ఇది కొత్తది."

కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, పెట్టె తెరిచి, చీరముక్క మీద వేలు రాశాడు. షాఫ్టును తువ్వాలుతో తుడిచాడు. దవడల మధ్య పెట్టి, మర తిప్పి, కళ్ళద్దాలు జరుపుకున్నాడు. అన్నీ పాతవే. ఆ షాఫ్టును వచ్చేముందు ఝాన్సీ కొలిచి చూసుకుంది.

"ఒకటి ఎక్కువ," అన్నాడు.

అది సరైన అంకే. కానీ అతను దాన్ని గోడకు చెప్పలేదు. చెప్పి, తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు.

"అంతేనా తల్లీ?"

ఆమె గొంతు దాకా వచ్చిన 'అంతే'ను మింగేసింది. అది చెబితే, ఇంక ఎప్పటికీ అతను తన మొహమే చూస్తాడు.

"నా వంక చూడమాక బాబాయ్. గీత చూసి చెప్పు." అని తలుపు వైపు తిరిగి నిలబడింది.

వెనక మర వదిలిన చప్పుడు, మళ్ళీ బిగించిన చప్పుడు వినిపించాయి. రోడ్డు మీద సిమెంటు లారీ ఒకటి పోయింది, దాని వెనక ఇంకొకటి. ఆమె ఎదురుచూసింది. కేక రాలేదు. చివరికి పెట్టె మూత పడిన చప్పుడైంది.

తిరిగి చూసేసరికి పెట్టె ఆమె వైపు జరిపి ఉంది. దాని మూత మీద ఎర్ర వేలిముద్ర.

"నువ్వే చూసుకోమ్మా," అన్నాడు కృపావరం. డబ్బాలోంచి కుంచె తీసి, అంచుకు రాసి, రోలరు మీదికి వంగాడు.